నమోదులో లేని చేయి

రాత 1

పరిహార మండలి వారు రోజూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. గాయం వల్ల రోజువారీ పనుల్లో ఏ ఇబ్బంది కలుగుతోందో దరఖాస్తుదారు రాసింది రాసినట్టే వాళ్ళకు చేరే ఈ పలక మీద స్వయంగా చేత్తో రాయాలట. ఇంకొకరికి చెప్పి రాయిస్తే చెల్లదట. తెగింది నా కుడి చెయ్యి. అంచేత మొట్టమొదటి ఇబ్బంది ఇదిగో, ఇది రాయడమే. ఎడమ చేత్తో రాస్తుంటే అక్షరాలు కల్లు తాగి నడుస్తున్నట్టున్నాయి. చదివేవారు ఎవరో గాని, కాస్త ఓపిక పట్టండి. నేను పట్టడం లేదూ?

నా పేరు కొక్కిలిగడ్డ మాణిక్యాలు. ఏడో తెప్ప మీద నాచు పని చేస్తాను. మునిగిపోయిన పాత ఊళ్ళ మీదుగా మా తాళ్ళు వేలాడుతుంటాయి. నీళ్ళు తేటగా ఉన్న రోజు కింద ఒక మంచినీళ్ళ ట్యాంకు నెత్తి, ఒక సినిమా హాలు గోడ కనిపిస్తాయి. ఆ తాళ్ళకు పెరిగిన నాచును మునిగి కోసుకొచ్చేది మేము, ఆడవాళ్ళం. జతలుగా పని. ఒకరు దిగితే ఒకరు పైన తాడు పట్టుకుంటారు. నా జత సైకం నాంచారమ్మ. మా అందరికీ నాంచారి. నాకంటే చిన్నది, నోరు పెద్దది.

జరిగింది దరఖాస్తులో చెప్పాను, మళ్ళీ చెబుతాను. పొద్దున్నే తాడు దొంగలు ఇద్దరు వచ్చారు. నేను నీళ్ళ కింద ఉన్నాను. ఒకడు నాంచారి మెడ మీద కత్తి పెట్టి నిలబడ్డాడు, ఇంకొకడు తాళ్ళు కోసి పడవలో వేసుకుంటున్నాడు. పైన జరిగేది నాకేం తెలుసు? ఊపిరి అయిపోయి పైకి తేలి, ఎప్పటిలాగే తెప్ప అంచు మీద చెయ్యి వేశాను. తాళ్ళు కోసేవాడు ఆ చెయ్యి మీద కత్తి వేశాడు. బోండాం కొట్టినంత మామూలుగా కొట్టాడు. నా ముఖమైనా చూడలేదు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఇవాళ్టి ఇబ్బందులు: జుట్టు ముడి వేసుకోలేకపోయాను. తడి చీర పిండలేకపోయాను. ఎడమ చేత్తో అన్నం తింటుంటే సగం ఒళ్ళోనే పడింది. పిల్లులు సంతోషించాయి.

రాత 2

వైద్యం పడవ వచ్చింది. అందులోని డాక్టరమ్మ గట్టు మీద చదువుకున్న పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది. దిగుతూనే, "సైకం నాంచారమ్మగారు ఎవరండీ?" అంది. నా జతను అడుగుతోంది కాబోలనుకుని, నాచు ఆరబెట్టడానికి వెళ్ళిందని చెప్పి నా చెయ్యి చాపాను. పిల్ల ఏదో అనబోయి, కట్టు చూసి, ఆ మాట మరిచిపోయి కుట్ల మీద పడింది.

తోలు అతుక్కుందట. లోపల నరాలు తెగి ఉన్నాయట. మనిషి పుట్టినప్పుడు దాచిన బొడ్డుతాడు ముక్క నుంచి కొత్త నరం పెంచి వేస్తారట. అలా పెంచే చోటు మండలి చేతిలో తప్ప ఇంకెక్కడా లేదు. పరిహారం అంటే అదే, ఆ నరం.

"ఎప్పుడిస్తారమ్మా?" అన్నాను.

"వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలుపెడితే ఇక ఎక్కువ వ్యవధి ఉండదండీ. బొటనవేలు కూడా ముడుచుకుపోయాక ఏ నరం వేసినా పట్టదు. మీరు గట్టిగా అడగండి."

ఎవరిని గట్టిగా అడగాలి? ఈ పలకనా? సరే, అడుగుతున్నాను. ఈ చెయ్యి నాచును కోసిన చెయ్యి. చీకటి నీళ్ళలో కూడా ఏది లేత నాచో, ఏది ముదురో తడిమి చెప్పేది. దిగడం తప్ప నాకు ఇంకో పని రాదు, ఇంకో పని ఇష్టమూ లేదు. పని చేయలేని మనుషులను గట్టు మీది షెడ్లకు పంపిస్తారు. అక్కడ దుమ్ము, రేకులు, వేడి. సముద్రం గాలికి పుట్టినదాన్ని, అక్కడ నేను బతకను. నాకు నా చెయ్యి కావాలి.

రాత 3

చిటికెన వేలు ముడుచుకుంది. పొద్దున లేచి చూసేసరికి అరచేతిలో తల దాచుకుని పడుకుని ఉంది. ఎడమ చేత్తో నెమ్మదిగా తెరిస్తే తెరుచుకుంది. వదిలితే మళ్ళీ వెనక్కి.

ఇవాళ్టి ఇబ్బందులు ఇంకేం రాయాలనిపించడం లేదు.

రాత 4

మండలి నుంచి జవాబు వచ్చింది. అక్కడున్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను. "మీ కడియం నమోదు ప్రకారం ఘటన సమయంలో మీరు తెప్ప మీద పొడిగా ఉన్నారు. భయపడ్డారు. రక్తం పోలేదు. గాయం లేదు. భయానికి పరిహారం వర్తించదు. మీ జత సైకం నాంచారమ్మగారికి తగిలిన తీవ్ర గాయానికి మండలి విచారం తెలుపుతోంది. అభ్యంతరం ఉంటే తెలుపవచ్చు. అందాకా దినచర్య రాయడం ఆపరాదు."

మీకు కడియాల సంగతి చెప్పక్కర్లేదు, కట్టింది మీరే. నాడి, నెత్తురు, ఎక్కడున్నాం, ఏం చేస్తున్నాం, అన్నీ కడియమే చెబుతుంది. ఏ నేరం జరిగినా కడియాలను అడుగుతారు, మనుషులను అడగరు. మనుషులు అబద్ధం చెబుతారట, కడియాలు చెప్పవట.

జవాబును నాంచారికి చూపించాను. చదివి పకపకా నవ్వింది.

"అక్కా, నాకంట గాయం! ఇదుగో చూడు, నా చెయ్యి తెగి ఏలాడతంది!" అని రెండు చేతులూ నా ముఖం ముందు తిప్పింది. గాజులు గలగలలాడాయి. మళ్ళీ చదివింది. ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఏందే?" అన్నాను.

"అక్కా, నేనే. నేనే చేశానే ఇదంతా."

తర్వాత ఏం చెప్పిందో ఈ పలక మీద రాసేది కాదు. నాకు తల తిరిగిపోయిందని మాత్రం రాసుకోండి. అది కూడా ఇబ్బంది కిందకే వస్తుంది కదా.

రాత 5

తెప్ప ఆడవాళ్ళందరూ వచ్చారు. ముందు ఆదెమ్మత్త వచ్చింది. ఆవిడ మా తెప్ప మీద అందరికంటే పెద్దది, దిగడం నాకు నేర్పింది. చేపల పులుసు గిన్నె తెచ్చింది. తర్వాత ఒక్కొక్కరే చేరి చుట్టూ కూర్చున్నారు. ఆదెమ్మత్త అన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గర పెట్టింది.

"నేను తింటాలే అత్తా," అన్నాను.

"ఎడం చేత్తో తింటే ఒంటికి పట్టుద్దా ఏందే? నోరు తెరువు."

తెరిచాను. ఆవిడ తర్వాత ఇంకొకరు కలిపారు, ఆ తర్వాత ఇంకొకరు. పదిమందీ తలో ముద్ద పెట్టారు. చెయ్యి నయమవుతుందనీ మండలి వాళ్ళకు కళ్ళున్నాయనీ ఏవేవో మాట్లాడారు. వాళ్ళు వచ్చిన పని గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళు దేనికి వచ్చారో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. నా నోట్లో ముద్దలు పెడుతూనే నా నోరు మూయించి వెళ్ళారు. పులుసు మాత్రం చాలా బాగుంది. అబద్ధమెందుకు, ఏడుస్తూనే కడుపునిండా తిన్నాను.

రాత 7

నిన్న రాయలేదు. ఉంగరం వేలు కూడా ముడుచుకుంది. కోపమొచ్చి పలకను చాప కింద పడేశాను.

ఇవాళ మండలి విచారణాధికారి స్వయంగా వచ్చారు. పేరు ఇందీవర గారు. తెల్ల చెప్పులతో తెప్ప మీద అడుగుపెట్టారు, పాపం. వచ్చింది నా కోసం కాదు. గాయపడిన నాంచారమ్మగారిని పరామర్శించడానికి.

నాంచారి రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకొచ్చి ఇచ్చింది. ఇందీవర గారు ఆ రెండు చేతుల్లోంచే గ్లాసు అందుకున్నారు. నాంచారి కడియానికి తన చేతిలోని అద్దంలాంటి దాన్ని తాకించి చూసి, "చాలా బాగా కోలుకుంటున్నారమ్మా. ఇంత రక్తం పోయి ఇంత తొందరగా లేచినవాళ్ళు తక్కువ. మీ నరం తయారవుతోంది," అన్నారు.

నాంచారి నావైపు చూసింది. నేను లేచి వెళ్ళి కట్టు విప్పి నా చెయ్యి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది ఏంటమ్మా మరి?" అన్నాను.

ఆవిడ చూశారు. ముఖం తిప్పుకోలేదు, అది చెప్పుకోవాలి. చాలాసేపు చూశాక అన్నారు. "నాకు కనిపిస్తోందండీ. కానీ నా కళ్ళకు కనిపించింది చెల్లదు. వెనకటి రోజుల్లో మా కళ్ళను చాలామంది కొనుక్కున్నారు. అందుకే చట్టం కళ్ళను తీసేసింది. కడియంలో ఉన్నదే ఉన్నట్టు."

"కడియం తప్పు చెబితే?"

"కడియం చెప్పదు. అది ఎవరి ఒంటి మీద ఉంటే వారిదే చెబుతుంది." గొంతు తగ్గించి అడిగారు. "మాణిక్యాలుగారూ, ఆ రోజు కడియాలు గాని విప్పారా?"

ఆరబెట్టిన నాచు వెనక ఆదెమ్మత్త నిలబడి ఉంది. మా మేస్త్రి వీర్రాఘవులు తాడు పేనుతున్నట్టు నటిస్తున్నాడు.

"లేదండీ," అన్నాను.

ఇందీవర గారు ఆ మాట కోసమే వచ్చినట్టు తల ఊపి, టీ చాలా బాగుందని నాంచారితో చెప్పి, తెల్ల చెప్పులు తడవకుండా పడవెక్కారు.

రాత 8

ఆడవాళ్ళు మళ్ళీ పులుసు పంపారు. తినలేదు. పిల్లులకు పెట్టాను.

నాంచారి పొద్దుట నుంచీ నా కాళ్ళ దగ్గర కూర్చుని ముడుచుకున్న వేళ్ళు తెరుస్తోంది. తెరిచి, నూనె రాసి, పట్టుకుని కూర్చుంటుంది. వదిలితే మూసుకుంటాయి. "తెరుచుకోండే, మీ మొకం మండ," అని వేళ్ళను తిడుతుంది. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

"రాసెయ్యి అక్కా," అంది చివరికి. "ఆ పలక మీద మొత్తం రాసెయ్యి. నేనే చేశానని రాయి."

"ఆదెమ్మత్త?"

"ఆమెకి నేను చెప్పుకుంటా. నన్ను తిట్టుద్ది, కొట్టుద్ది, అంతేగా. నీ చెయ్యి పోయాక నీ మొకం నేనెట్టా చూసేది?"

మధ్యవేలు వణుకుతోంది. ముడుచుకునే ముందు ఒక రోజు వణుకుతుంది, ఇప్పటికి నాకు తెలిసిపోయింది.

రాత 9

రాస్తున్నాను. తర్వాత మమ్మల్ని ఏం చేసినా మీ ఇష్టం.

దిగేటప్పుడు మేము కడియాలు విప్పుతాం. ఏడో తెప్ప మీదే కాదు, అన్ని తెప్పల మీదా. కడియానికి రెండు పక్కలా చెవుల్లాంటి రేకులున్నాయి. గట్టు మీద కూర్చుని దాన్ని చేసినవాడు నీళ్ళలో ఎప్పుడూ మునిగి ఉండడు. ఆ రేకులు తాడు ఉచ్చుల్లో పడతాయి. ఆదెమ్మత్త కూతురు అట్లాగే ఇరుక్కుని పైకి రాలేదు. తీసేసరికి చెయ్యి తాడుకే ఉంది, పిల్ల వేలాడుతోంది. అప్పటి నుంచి, దిగే మనిషి కడియం విప్పి పైనున్న జతకు ఇస్తుంది. నాడి తగలకపోతే ఆ కడియం మనిషి చచ్చిందంటుంది. అందుకని జత దాన్ని తన కాలికి తాడుతో కట్టుకుంటుంది. మేము బతికి ఉన్నది ఈ అలవాటు వల్లనే. ఆదెమ్మత్త ముద్ద పెట్టింది ఇది బయటపెట్టొద్దనే.

ఆ రోజు నా కడియం నాంచారి కాలికి ఉంది. మెడ మీద కత్తి పెట్టినప్పుడు నాంచారి పడిన భయం నా భయమని మీకు చేరింది. దొంగలు పోయాక నాంచారి నన్ను పైకి లాగింది. నెత్తురు ఆగడం లేదు. వైద్యం పడవ మనిషి అరిస్తే రాదు, కడియం పిలిస్తేనే వస్తుంది. నా కడియం తీసి నాకు కడదామని కాలి తాడు లాగింది. తడిసి బిగుసుకుపోయి ముడి రాలేదు. చేతికున్నది ఊడి వచ్చింది. అదే నాకు కట్టేసింది. అది తన కడియం. పడవ వచ్చింది, నా ప్రాణం నిలిచింది, నిలిచింది మాత్రం నాంచారి పేరు మీద. నాకు తెలివి వచ్చేలోపే ఎవరిది వాళ్ళకు కట్టేసింది. నన్ను బతికించానన్న సంతోషంలో ఇంకేదీ దానికి తోచలేదు.

కాబట్టి తెగింది నా చెయ్యి. పెంచవలసింది నా నరం. నాంచారిది కాదు. ఇంకా సమయం ఉంది. బొటనవేలు, చూపుడు వేలు బాగున్నాయి. తప్పు చేశామంటే నన్ను శిక్షించండి, చెయ్యి మాత్రం ఇవ్వండి.

రాత 10

మండలి నుంచి వచ్చింది: "మీ దినచర్య అందింది. క్రమం తప్పక రాస్తున్నందుకు అభినందనలు."

అంతే. ఇంకో ముక్క లేదు.

రాత 11

నాకొక అనుమానం వచ్చింది. అందుకని ఇవాళ్టి దినచర్య ఇది. పొద్దున్నే లేచి మండలి వారి ముక్కు కోసి, చింతపండు వేసి పులుసు పెట్టాను. ఉప్పు కాస్త తక్కువైంది. మధ్యాహ్నం సముద్రాన్ని మడిచి పెట్టెలో పెట్టాను. సాయంత్రం నా కుడి చెయ్యి తిరిగి మొలిచింది, దానికి ఆరు వేళ్ళున్నాయి.

రాత 12

"మీ దినచర్య అందింది. క్రమం తప్పక రాస్తున్నందుకు అభినందనలు."

నాంచారికి చదివి వినిపించాను. నా చేతిలోంచి పలక లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "ఇన్నాళ్ళూ ఎడం చేత్తో ఎవుడికి రాశావక్కా?" అంది.

నిన్నటి నుంచి చూపుడు వేలు వణుకుతోంది. మేస్త్రి దగ్గరున్న మాటపెట్టెలో ఇందీవర గారిని పట్టుకున్నాను. రెండు పూటలు ప్రయత్నిస్తే దొరికారు. రాసిందంతా నోటితో మళ్ళీ చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివరికి అన్నారు.

"ఆ రోజు నేను అడిగినప్పుడు చెప్పి ఉంటే ఆపగలిగేదాన్నండీ. ఇప్పుడు నరం తయారైపోయింది. ఒక గాయానికి ఒకసారే పరిహారం. ఆ గాయం నాంచారమ్మగారి పేరు మీద తీరిపోయినట్టు."

"అది నాకు పనికొస్తుందా?"

"ఆవిడ బొడ్డుతాడు నుంచి పెంచింది కదా. మీ ఒళ్ళు దాన్ని ఉంచుకోదు."

"మరి నేను రాసింది ఎవరూ చదవలేదా?"

"పరిహార విభాగంలో చదవరండీ. రాశారా లేదా అన్నదే చూస్తాం. గాయం ఉన్న మనిషి క్రమంగా రాస్తుందని ఒక నమ్మకం." ఆ వెంటనే, "నన్ను క్షమించండి," అన్నారు. నిజంగానే అన్నారనుకుంటాను. అయినా ఆ క్షమాపణతో నేనేం చేసుకోను?

రాత 14

ఒక విషయంలో నేను పొరబడ్డాను. నేను రాసింది ఎవరూ చదవలేదనుకున్నాను. చదివారు.

ఇవాళ తాళాల పడవ వచ్చింది. అది పరిహార విభాగానిది కాదు, కడియాల విభాగానిది. పలక మీద "కడియం", "విప్పుతాం" అన్న మాటలు పక్కపక్కన పడితే అక్కడ గంట మోగుతుందట. నా చెయ్యి గురించి రాసింది ఎవరికీ వినిపించలేదు. కడియం గురించి రాసింది మాత్రం రెండో రోజుకే చేరిపోయింది. శిక్ష వేయలేదు, తిట్టలేదు కూడా. అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి కడియానికి తాళం బిగించారు. ఇక అది ఒంటి మీదనే ఉంటుంది. మా తర్వాత మిగతా తెప్పలకూ వెళతారట. ఆ తాళం వేసే కుర్రాడు మర్యాదస్తుడు, "బిగుతుగా ఉందా అమ్మా?" అని అందరినీ అడిగాడు.

ఆదెమ్మత్త వంతు వచ్చినప్పుడు చెయ్యి చాపింది. తాళం పడుతుంటే కడియం రేకు మీద వేలు పెట్టి రుద్దింది. ఆవిడ కూతురు ఇరుక్కున్నది ఆ రేకుకే. నావైపు చూడలేదు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అత్తా, చెయ్యి వస్తుందనుకున్నా."

"నాకు తెలుసు లేవే," అంది. "నీ స్థానంలో నేనున్నా రాసేదాన్ని." నాచు తిరగేయడానికి వెళ్ళిపోయింది. ఇవాళ మా ఇంటికి పులుసు రాలేదు.

రాత 15

పెట్టె వచ్చింది. పైన సైకం నాంచారమ్మ అని ఉంది. నాంచారి వేలిముద్ర వేస్తే తప్ప తెరుచుకోలేదు. లోపల గాజు గొట్టం, గొట్టం నిండా పచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో నరం. పలచగా, తెల్లగా, కొబ్బరి పీచులా ఉంది. చూడ్డానికి అంతే. దాని కోసమా ఇంత?

నాంచారి గాజు మీద చెయ్యి ఆనించింది. లోపల అది కదిలింది. గొట్టం పొడవునా సాగి నాంచారి వేళ్ళ వైపు వచ్చింది. తనవాళ్ళను గుర్తుపట్టినట్టుంది. నేను నా ముడుచుకున్న చెయ్యి ఆనించాను. అది ఉన్నచోటే ఉంది.

"నా చెయ్యి కోసి ఇస్తే నీకు పెట్టరా?" అంది నాంచారి.

"పిచ్చిదానా, నీ చెయ్యి నాకెందుకు? నీ రాత ఎంత వంకరో నాకు తెలియదా."

నవ్వుతుందనుకున్నాను. గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ వచ్చి నాంచారి కుడి చెయ్యి చూసి, కుట్లు లేవని చూసి, కడియం చూసి, "పూర్తిగా నయమైంది" అని నమోదు చేసుకుంది. పోతూ పోతూ ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడింది. నా బొటనవేలు వైపు చూసి ఏమీ చెప్పకుండా పడవెక్కింది. చెప్పక్కర్లేదు, అది ముడుచుకుపోయి రెండు పూటలైంది.

గొట్టంలోది ఎన్నాళ్ళు బతుకుతుందో ఎవరూ చెప్పలేదు. నాంచారి దాన్ని ఇంట్లో దీపం పక్కన పెట్టుకుంది. పనికిరాదని తెలిసినా పారేయడానికి చేతులు రావడం లేదు.

రాత 16

"మీ అభ్యంతరం పరిష్కరించబడింది. ఇకపై దినచర్య రాయనవసరం లేదు. పలకను వాపసు చేయండి."

వాపసు పడవ రేపు వస్తుంది. అంతవరకూ ఇది నా దగ్గరే ఉంటుంది. ఎవరూ చదవరని తెలిశాక రాయడం సులువైపోయింది. అక్షరాలు కూడా కుదురుకున్నాయి, చూశారా?

ఇవాళ మేస్త్రి వీర్రాఘవులు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, తలపాగా తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నాకన్నా వాడికే తలకొట్టేసినట్టుంది.

"మాణిక్యం, ఎట్టా చెప్పాలో తెలవటంలా. నీ సెలవు అయిపోయింది. నమోదులో నీకు గాయమే లేదాయె. రేపటి నుంచి పనిలోకి రాకపోతే గట్టుకు పంపమని కాయితం వొచ్చింది."

"ఒంటి చేత్తో ఏం పని చెయ్యను మేస్త్రీ?"

"దిగటం కుదరదు, నాకు తెలుసు. నాంచారి దిగుద్ది. నువ్వు పైన తాడు పట్టుకో. నమోదు ప్రకారం నీకు రెండు చేతులున్నయ్యి. ఇంకో జతని ఇయ్యమంటే ఇయ్యరు."

నాంచారి నా వెనకే ఉంది. "సరే మేస్త్రీ," అంది నాకంటే ముందు. వాడు వెళ్ళాక నన్ను తిట్టడం మొదలుపెట్టింది, ఆ ముఖమేంటని, ఎవరు చచ్చారని. గట్టుకు పోతావా, పోయి రేకుల షెడ్డులో ఎండి చస్తావా అని. నేను చెప్పవలసింది చెప్పాను.

"నాంచారీ, కడియానికి తాళం ఉంది. ఉచ్చులో పడితే?"

"తాడు గుంజుతా. నువ్వు లాగు."

"దేంతో లాగను?"

నాంచారి నా పక్కనే చతికిలబడింది. నా ముడుచుకున్న వేళ్ళు తీసుకుని, నూనె రాసి, ఎప్పటిలాగే ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. ఇప్పుడవి తెరుచుకోవడం కూడా మానేశాయి. నాంచారి మాత్రం మానలేదు.

ఇద్దరం తాడు చూసుకున్నాం. పేటలు బాగున్నాయి. రేపు తాడు రెండో కొసను నేను చేత్తో పట్టుకోను, నా నడుముకు కట్టుకుంటాను. నాంచారి గుంజితే కాళ్ళు తన్నిపట్టి ఒళ్ళంతా వేసి లాగుతాను. లాగలేకపోతే నేనూ దిగుతాను. దానితో ఈ సంగతి చెప్పలేదు, చెబితే ముడి విప్పేస్తుంది.

మా ఇద్దరి కడియాలకూ తాళాలున్నాయి కాబట్టి ఈసారి మండలి వారికి ఏ తికమకా ఉండదు. ఎవరి నాడి ఎప్పుడు ఆగిందో వాళ్ళ వాళ్ళ పేరు మీదే చేరుతుంది.